4.4 మిల్లీమీటర్ల సాకెట్టు ఇచ్చేదేమిటి?

2016 సెప్టెంబరు మొదటి వారంలో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 7ను ప్రకటిస్తూ, దాంట్లోంచి 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ సాకెట్టును తీసేసింది. ఆ రోజుల్లోనే బెర్లిన్‌లో జరిగిన ఐఎఫ్ఏ ప్రదర్శనలో సోనీ కంపెనీ ఎన్‌డబ్ల్యూ-డబ్ల్యూఎం1జెడ్ అనే బహు ఖరీదైన వాక్‌మన్‌ను చూపించింది. దానికి పాత 3.5 సాకెట్టు ఉంది, పక్కనే 4.4 మిల్లీమీటర్ల లావుపాటి కొత్త సాకెట్టు కూడా ఉంది. ఒక కంపెనీకి ఒక్క సాకెట్టే ఎక్కువైంది, ఇంకో కంపెనీకి ఒక్కటి చాలలేదు. ఆ తర్వాత జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్లలో రెండు సాకెట్లు ఉండటం మామూలైపోయింది. ఇప్పుడు ఫోనుకు తగిలించే వేలెడంత డాంగిల్‌కు కూడా రెండుంటున్నాయి. పాతదాన్ని సింగిల్-ఎండెడ్ అంటారు, కొత్తదాన్ని బ్యాలెన్స్‌డ్ అంటారు. బ్యాలెన్స్‌డ్‌లో పాట శుభ్రంగా వినిపిస్తుందనీ, వాయిద్యాలు విడివిడిగా విచ్చుకుంటాయనీ, వెనక నిశ్శబ్దం చిక్కబడుతుందనీ అమ్మేవాళ్లు చెబుతారు. కొన్నవాళ్లు కూడా అదే చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ రెండో సాకెట్టు ముఖ్యంగా ఇచ్చేది బలం. శుభ్రత పేరుతో దానికి అంటగట్టిన గుణాల్లో చాలావాటికి ఆధారం పలచన. బలం అవసరమైన హెడ్‌ఫోన్లు కొన్ని ఉన్నాయి. అవసరం లేనివి చాలా ఎక్కువ. కొన్నిటికైతే ఆ అదనపు బలం వల్ల మేలుకన్నా కీడే జరుగుతుంది.

బ్యాలెన్స్‌డ్ పద్ధతికి పుట్టిల్లు స్టూడియోలూ టెలిఫోను లైన్లూ. ఈ స్టూడియోలో నా ముందున్న మైకునే తీసుకోండి. మామూలు డైనమిక్ మైకుకు దగ్గరగా గట్టిగా మాట్లాడితే అందులో పుట్టేది రెండు మిల్లీవోల్టుల చిల్లర. ఆ కాస్త సంకేతం దీపాల తీగల పక్క నుంచి, కరెంటు మీటర్ల పక్క నుంచి పదుల మీటర్ల దూరం ప్రయాణం చేయాలి. దారిలో 50 హెర్ట్జ్‌ల కరెంటు గుర్రు దాని మీద పడిందంటే మాట మునిగిపోతుంది. అందుకని సంకేతాన్ని ఒకదానికొకటి మెలివేసిన రెండు తీగల్లో పంపుతారు. బయటి రొద పడితే రెండిటి మీదా సమానంగా పడుతుంది. అవతలి కొసన ఉండే సర్క్యూటు ఒక తీగలోంచి ఇంకో తీగను తీసివేస్తుంది. సమానంగా ఉన్నదంతా కొట్టుకుపోయి, తేడాగా ఉన్న మాట మిగులుతుంది. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఈ మెలితీగ మీద పేటెంటు తీసుకున్నాడు. నూట నలభై ఏళ్లుగా నిలిచిన విద్య ఇది. దాన్ని శంకించడానికి ఏమీ లేదు.

శంకించాల్సింది దాన్ని తెచ్చి హెడ్‌ఫోన్ తీగకు అతికించడాన్ని. మైకు తీగలో రెండు మిల్లీవోల్టులు నడిస్తే, కాస్త గట్టిగా పాట వింటున్నప్పుడు హెడ్‌ఫోన్ తీగలో నడిచేది ఎన్నో రెట్లు. పైగా ఆ తీగ పొడవు మీటరున్నర కూడా ఉండదు. దాని ఒక కొసను ఓమ్‌కు అటూ ఇటూ నిరోధం ఉండే ఆంప్లిఫయర్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, రెండో కొసన 16 నుంచి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ ఉంటుంది. ఇంత తక్కువ ఓమ్‌ల దారిలో బయటి రొద వోల్టేజీగా పేరుకోలేదు. పేరుకున్నా, దాన్ని తీసివేయడానికి అవతలి కొసన స్టూడియోలో ఉన్నటువంటి సర్క్యూటేదీ లేదు. అక్కడుండేది తీగచుట్ట ఒక్కటే. ఆ చుట్టకు రెండు కొసలుంటాయి, ఆ రెండిటి మధ్య తేడాకు మాత్రమే అది కదులుతుంది. ఏ సాకెట్టులో పెట్టినా దాని స్వభావం అదే. ఫోను పక్కన పెడితే టకటకమనే చప్పుడు వినిపిస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ చప్పుడు ఎక్కువగా ప్లేయర్ లోపలి చిన్న సంకేతాల సర్క్యూటులోకి దూరుతుంది. బయట సాకెట్టు మార్చినంత మాత్రాన అది పోదు.

మరి బ్యాలెన్స్‌డ్ సాకెట్టు వెనక ఉన్నదేమిటి? సింగిల్-ఎండెడ్‌లో ఒక్కో చెవికి ఒక ఆంప్లిఫయర్ ఉంటుంది. అది తీగచుట్ట ఒక కొసను పైకీ కిందికీ ఊపుతుంది, రెండో కొస కదలని గ్రౌండ్‌కు కట్టి ఉంటుంది. రెండు చెవులకూ ఆ గ్రౌండ్ ఒక్కటే, అందుకే ప్లగ్‌కు మొనన ఎడమ, మధ్య వలయాన కుడి, మొదట్లో ఉమ్మడి గ్రౌండ్, మొత్తం మూడు భాగాలు చాలు. బ్యాలెన్స్‌డ్‌లో ఒక్కో చెవికి రెండు ఆంప్లిఫయర్లు. ఒకటి ఒక కొసను పైకి ఎత్తుతుంటే రెండోది రెండో కొసను అంతే కిందికి దించుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం తాడును ఒక చెయ్యి లాగుతుంటే రెండో చెయ్యి వదులుతూ ఉంటుందే, అదే పని. రెండు చెవులకు నాలుగు ఆంప్లిఫయర్లు, నాలుగు తీగలు. ఇంజనీర్లు దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. ఇది కార్ల స్టీరియోల్లో ఎప్పటినుంచో ఉంది. కారు బ్యాటరీ ఇచ్చే 14.4 వోల్టులతో మామూలు ఆంప్లిఫయర్ 4 ఓమ్‌ల స్పీకరుకు లెక్క ప్రకారం ఆరున్నర వాట్లకు మించి ఇవ్వలేదు. బ్రిడ్జి కడితే అదే బ్యాటరీతో సిద్ధాంతంలో 26 వాట్ల దాకా వెళ్లవచ్చు. కార్లలో దీన్ని వాడింది శబ్దం స్వచ్ఛంగా ఉంటుందని కాదు. ఉన్న వోల్టులు చాలక.

జేబులో ప్లేయర్ బాధ కూడా అదే. దాని లిథియం బ్యాటరీ ఇచ్చేది 3.7 వోల్టులు, నిండుగా ఉన్నప్పుడు 4.2. దాన్ని లోపల పెంచుకోవచ్చు గాని ఆ పెంచే సర్క్యూటుకు చోటు కావాలి, దాని వేడిని భరించాలి. బ్రిడ్జి కడితే అదే సరఫరాతో రెండింతల వోల్టేజీ వస్తుంది. వోల్టేజీ రెండింతలైతే పవర్ నాలుగింతలవుతుంది. డెసిబెల్స్‌లో చెప్పాలంటే ఆరు ఎక్కువ. ఇందాక చెప్పిన సోనీ వాక్‌మన్ వివరాలే చూడండి. 16 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 3.5 సాకెట్టు నుంచి చెవికి 60 మిల్లీవాట్లు, 4.4 సాకెట్టు నుంచి 250 మిల్లీవాట్లు. అంటే ఒకచోట ఒక వోల్టు, ఇంకోచోట రెండు వోల్టులు. సిద్ధాంతం చెప్పినట్టే నాలుగింతలు. కాగితం మీద కనిపించే అసలు తేడా ఇదే. మిగతా వర్ణనలకు ఇంత సూటి లెక్క దొరకదు.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే సింగిల్-ఎండెడ్‌కు వచ్చిన చెడ్డపేరులో కొంత పాత కాలానిది. రుణ వోల్టేజీ లేకుండా ధన వోల్టేజీతోనే నడిచే పాత ప్లేయర్లలో ఆంప్లిఫయర్ తన సగం వోల్టేజీ దగ్గర నిలబడి పని చేసేది. ఆ నిలకడ వోల్టేజీ నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వెళ్తే తీగచుట్ట ఒక పక్కకు ఒరిగిపోతుంది, వేడెక్కుతుంది. దాన్ని ఆపడానికి మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టేవాళ్లు. చిన్న పరికరంలో పట్టే 220 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలిస్తే 45 హెర్ట్జ్ దగ్గరే శబ్దం 3 డెసిబెల్స్ పడిపోతుంది, ఆ కింద ఇంకా జారిపోతుంది. మృదంగం ఎడమ వైపు గుమికీ, బాస్ గిటారు అడుగు తీగకూ దెబ్బ తగిలేది అక్కడే. బ్రిడ్జి కడితే రెండు కొసలూ ఒకే నిలకడ వోల్టేజీలో ఉంటాయి కాబట్టి కెపాసిటర్ అక్కర్లేదు. కాబట్టి ఆ రోజుల్లో బ్యాలెన్స్‌డ్ వల్ల బాస్ బాగుపడేదని ఎవరైనా అంటే కొట్టిపారేయలేం. కానీ ఆ తర్వాత చిప్పు లోపలే రుణ వోల్టేజీని తయారు చేసుకునే ఆంప్లిఫయర్లు వచ్చాయి. అవి సున్నా దగ్గర నిలబడి పని చేస్తాయి. కెపాసిటరూ పోయింది, దానితో పాటు ఆ తేడా కూడా పోయింది. పేరు మాత్రం మిగిలింది.

బలం ఎవరికి కావాలో లెక్క వేసి చూద్దాం. లెక్కలు రేడియోలో విసుగు పుట్టిస్తాయని తెలుసు, కానీ ఈ వ్యవహారంలో అవి లేకపోతే మిగిలేవి విశేషణాలే. హైఫైమాన్ కంపెనీ హెచ్ఈ-6 అనే హెడ్‌ఫోన్ 50 ఓమ్‌లది. ఒక మిల్లీవాటు ఇస్తే 83.5 డెసిబెల్స్ శబ్దం చేస్తుంది. సంగీతంలో తబలా దెబ్బలాంటి క్షణాల్లో 110 డెసిబెల్స్ అందుకోవాలనుకుంటే దానికి 450 మిల్లీవాట్ల దాకా, అంటే నాలుగున్నర వోల్టులకు పైన కావాలి. రెండు వోల్టుల సింగిల్-ఎండెడ్ సాకెట్టు దాన్ని 102 దాకా తీసుకెళ్లి చేతులెత్తేస్తుంది. నాలుగు వోల్టుల బ్యాలెన్స్‌డ్ సాకెట్టు, అంత కరెంటు ఇవ్వగలిగితే, 108 దాటిస్తుంది. ఇక్కడ ఆ ఆరు డెసిబెల్స్ నిజంగా పనికొస్తాయి. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డి 600 సరిహద్దు మీద ఉంటుంది. రెండు వోల్టులతో 108 దాకా, నాలుగుతో 114 దాకా. తక్కువ స్థాయిలో రికార్డు చేసిన కర్ణాటక కచేరీ వినేవాళ్లకు ఆ జాగా ఉంటే మంచిదే.

ఇప్పుడు చెవిలోపల పెట్టుకునే ఇయర్‌ఫోన్ల సంగతి. ప్లేయర్లు కొనేవాళ్లలో ఎక్కువమంది వాడేవి ఇవే. 16 ఓమ్‌లు, మిల్లీవాటుకు 105 డెసిబెల్స్ ఇచ్చే ఇయర్‌ఫోన్ అనుకోండి. హాయిగా, ఇంకా చెప్పాలంటే కాస్త గట్టిగానే, 85 డెసిబెల్స్ దగ్గర వింటే దానికి కావలసింది మిల్లీవాటులో నూరో వంతు. వోల్టుల్లో పన్నెండున్నర మిల్లీవోల్టులు. పాటలో పెద్ద దెబ్బలు ఇరవై డెసిబెల్స్ పైకి వెళ్లినా ఎనిమిదో వంతు వోల్టు చాలు. ఒక వోల్టు ఇచ్చే అతి మామూలు 3.5 సాకెట్టు దాన్ని 120 డెసిబెల్స్ పైకి తీసుకెళ్లగలదు, చెవి అక్కడిదాకా వెళ్లకూడదు. అలాంటప్పుడు రెండో వోల్టు ఎందుకు? ఖాళీ జాగా ఉంటే శబ్దం ఒత్తిడి లేకుండా వస్తుందని కొందరంటారు. ఆంప్లిఫయర్ తన శక్తి అంచుకు చేరినప్పుడే తడబడుతుంది. శక్తిలో వందో వంతు దగ్గర నడుస్తున్న ఆంప్లిఫయర్‌కు, నాలుగు వందల్లో ఒక వంతు దగ్గర నడిస్తే వచ్చే అదనపు సుఖమేమీ లేదు.

సుఖం లేకపోవడమే కాదు, నష్టం కూడా ఉంది. ఆంప్లిఫయర్లు రెండైనప్పుడు వాటి సొంత రొద కూడా కలుస్తుంది. రొద రొదకు పొంతన ఉండదు కాబట్టి రెండింతలు కాకుండా 3 డెసిబెల్స్ పెరుగుతుంది. సంకేతం ఆరు పెరిగి రొద మూడే పెరిగింది కాబట్టి లాభమే కదా అని ప్రకటనల్లో రాస్తారు. వాల్యూమ్ పూర్తిగా పెంచి వినేవాడికి ఆ మాట నిజం. వినేది అదే 85 డెసిబెల్స్ అయినప్పుడు సంకేతాన్ని తగ్గించుకుంటాం. చాలా ప్లేయర్లలో అవుట్‌పుట్ ఆంప్లిఫయర్ రొద మాత్రం వాల్యూమ్‌తో తగ్గదు. 12 ఓమ్‌లు, మిల్లీవాటుకు 112 డెసిబెల్స్ ఇచ్చే సున్నితమైన ఇయర్‌ఫోన్‌లో 5 మైక్రోవోల్టుల రొద 25 డెసిబెల్స్‌గా వినిపిస్తుంది. బ్యాలెన్స్‌డ్‌లో అదే 28 అవుతుంది. అర్ధరాత్రి చెవులు రిక్కించి వింటే, ఆలాపన మొదలయ్యే ముందు క్షణంలో సన్నటి బుసలాగా తెలిసేది అదే. చిక్కని నిశ్శబ్దం అని చెప్పి అమ్మిన సాకెట్టులో బుస ఎక్కువ రావడం విచిత్రంగా ఉంటుంది గాని లెక్క అలాగే ఉంది. బుస వినపడని ప్లేయర్లు ఉన్నాయి. అవి మంచి ఆంప్లిఫయర్ వాడినవి, ఏ సాకెట్టు అన్నదానితో సంబంధం లేకుండా.

రెండో నష్టం ఇంకొంచెం లోతైనది. ఆంప్లిఫయర్‌కు తనదైన అవుట్‌పుట్ నిరోధం కొంత ఉంటుంది. బ్రిడ్జిలో రెండు ఆంప్లిఫయర్లు వరసలో నిలబడతాయి కాబట్టి ఆ నిరోధం రెండింతలవుతుంది. ఒకే డ్రైవరు, అంటే శబ్దం పుట్టించే భాగం, ఉన్న హెడ్‌ఫోన్లలో చాలావాటికి ఇది పెద్దగా పట్టదు. నాలుగైదు చిన్న డ్రైవర్లను కలిపి చేసిన ఇయర్‌ఫోన్లు అలా కాదు. వాటి నిరోధం ఒక స్వరం దగ్గర 8 ఓమ్‌లుంటే ఇంకో స్వరం దగ్గర 40 ఉండవచ్చు. అవుట్‌పుట్ నిరోధం ఒక ఓమ్ అయితే ఆ రెండు స్వరాల మధ్య 0.8 డెసిబెల్ తేడా పడుతుంది. రెండు ఓమ్‌లైతే ఒకటిన్నర డెసిబెల్. అంటే ఇయర్‌ఫోన్ తయారు చేసినవాడు కుదిర్చిన స్వర సమతూకాన్ని సాకెట్టు మార్చేసింది. ఈ మార్పు చెవికి తెలుస్తుంది. కొందరికి నచ్చుతుంది కూడా. గొంతు ముందుకొచ్చిందనో, తాళాలు మెరిశాయనో అంటారు. వాళ్లు విన్నది అబద్ధం కాదు, దానికి చెప్పిన కారణమే వేరు. ఇక మూడో నష్టం బ్యాటరీది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాలుగు ఆంప్లిఫయర్లు రెండిటికన్నా ఎక్కువ తింటాయి. చాలా ప్లేయర్ల వివరాల పట్టికలో బ్యాలెన్స్‌డ్ పక్కన గంటలు తక్కువ రాసి ఉంటాయి.

బ్యాలెన్స్‌డ్ వైపు వాదించేవాళ్ల చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం ఎడమ కుడి చానెళ్ల విభజన. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సింగిల్-ఎండెడ్‌లో రెండు చెవుల కరెంటూ ఒకే గ్రౌండ్ దారిలో తిరిగి వస్తుంది. ఆ ఉమ్మడి దారిలో ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం ఉన్నా, 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌లో ఒక చానెల్ శబ్దం ఇంకోదానిలోకి 44 డెసిబెల్స్ తక్కువ స్థాయిలో జారుతుంది. బ్యాలెన్స్‌డ్‌లో ఉమ్మడి దారి లేదు, విభజన ఇంకా ఎన్నో డెసిబెల్స్ మెరుగు. కొలతలు ఇది నిజమనే చూపిస్తాయి. కానీ 44 డెసిబెల్స్ విభజన అంటే ఏపాటిదో చూడండి. గ్రామఫోను ఎల్పీ రికార్డు, దాన్ని చదివే ముల్లు కలిసి మామూలుగా ఇచ్చే విభజన 25, 30 డెసిబెల్స్. ఆ రికార్డుల్లో వాయిద్యాలు పరుచుకున్నట్టు తోచే విస్తారమైన వేదిక వినిపిస్తుందని మెచ్చుకునే వాళ్లే ఇక్కడ 44 చాలదంటే నమ్మడం కష్టం. ఇంట్లో స్పీకర్ల ముందు కూర్చుంటే ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి ధారాళంగా వెళ్తుంది. దాన్ని ఎవరూ లోపమనరు.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. ఉమ్మడి గ్రౌండ్ వల్ల ఎడమ చెవిలోకి జారే కుడి శబ్దం తలకిందులుగా, అంటే కుడి పైకి ఊగుతుంటే ఇది కిందికి ఊగేలా వస్తుంది. రెండు చానెళ్లలో ఉన్న ఉమ్మడి శబ్దం కాస్త తగ్గి, తేడా మిగులుతుంది. స్టూడియోల్లో స్టీరియోను కృత్రిమంగా వెడల్పు చేయడానికి వాడే ఉపాయం కూడా ఇదే. అంటే సింగిల్-ఎండెడ్ లోపం వినిపించేంత పెద్దదైతే, అది వేదికను ఇరుకు చేయదు, వెడల్పు చేస్తుంది. బ్యాలెన్స్‌డ్‌కు మారగానే వేదిక విచ్చుకుందన్న మాటకు ఈ విభజన కారణం కాలేదన్నమాట. పైగా ఆ పదో వంతు ఓమ్ ఎక్కువగా తీగలోదే. నాలుగు తీగలను ప్లగ్ దాకా విడివిడిగా తెచ్చి అక్కడ మాత్రమే గ్రౌండ్ కలిపితే, 3.5 ప్లగ్‌తోనే చాలా భాగం పోతుంది. స్టీరియోనే కాని పాటల్లో ఈ విభజన ప్రశ్నే రాదు. మన తెలుగువాళ్లలో ప్లేయర్ నిండా ఘంటసాల పాటలు నింపుకునేవాళ్లు తక్కువేం కాదు. 1957 నాటి మాయాబజార్ పాటలు, ఆ కాలపు సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. రెండు చెవుల్లోనూ ఒకే శబ్దం ఉన్నప్పుడు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారడానికి వేరేగా ఏమీ లేదు.

మేం చెవులతో విన్నాం, లెక్కలతో మాకేం పని అనే వాళ్లున్నారు. చెవి సాక్ష్యాన్ని గౌరవించాలి, అయితే ఆ సాక్ష్యం ఏ పరిస్థితిలో చెప్పిందో అడగాలి. వాల్యూమ్ అంకె కదపకుండా 3.5లోంచి తీసి 4.4లో పెడితే శబ్దం ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పని చేసిన ఫ్లెచర్, మన్సన్‌లు చెవి స్వభావాన్ని కొలిచి చూపించారు. శబ్దం మొత్తంగా పెరిగేకొద్దీ అడుగు స్వరాలు మనకు అంతకన్నా ఎక్కువగా పెరిగినట్టు వినిపిస్తాయి. అందుకే పెద్దగా పెట్టిన పాట నిండుగా, దగ్గరగా, వివరంగా తోస్తుంది. ఆరు డెసిబెల్స్ మాట అటుంచండి, ఒక డెసిబెల్‌లో సగం తేడా ఉన్నా చాలామంది దాన్ని వాల్యూమ్‌గా గుర్తించరు, నాణ్యతగా గుర్తిస్తారు. సరిగ్గా పోల్చాలంటే శబ్దం సమానం చేసుకోవాలి. అడుగుకు అర డెసిబెల్ మారే వాల్యూమ్ ఉన్న ప్లేయర్‌లో పన్నెండు అడుగులు తగ్గిస్తే ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఇయర్‌ఫోన్‌ను చెవిలోంచి తీసేసి, 100 హెర్ట్జ్ స్వరం మోగించి, మల్టీమీటరుతో చుట్ట రెండు కొసల మధ్య వోల్టేజీ కొలిచి రెండు సాకెట్లలోనూ ఒకే అంకె వచ్చేలా చేయాలి. ఆ పైన ఏ సాకెట్టులో ఉందో వినేవాడికి తెలియకుండా ఇంకొకరు మార్చాలి. ఇలా చేశాక కూడా ప్రతిసారీ పోల్చుకోగలిగితే తేడా ఉన్నట్టే. అప్పుడు వెతకాల్సిన మొదటి కారణం ఇందాకటి అవుట్‌పుట్ నిరోధం.

ఇంకో అభ్యంతరం ఉంది, అన్నిటిలోకీ న్యాయమైనది. కొన్ని ప్లేయర్లలో 3.5 సాకెట్టు నిజంగానే నాసిగా ఉంటుంది. తయారీదారు డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే డాక్ చిప్పులు రెండు పెట్టి, మంచి ఆంప్లిఫయర్లు పెట్టి, వాటినన్నిటినీ బ్యాలెన్స్‌డ్ సాకెట్టు కోసం అమరుస్తాడు. 3.5కు ఆ సర్క్యూటులో సగాన్ని మాత్రమే తీసి ఇస్తాడు. ఆ సగంలో జంట ఆంప్లిఫయర్లు ఒకదాని వంకరను, అంటే డిస్టార్షన్‌ను, ఒకటి కొట్టేసుకునే లాభం పోతుంది. అలాంటి పెట్టెలో 4.4 వాడటమే మంచిది, దాన్ని నేను కాదనను. కానీ అది ఆ పెట్టె తయారైన తీరు. డబ్బంతా ఒక గుమ్మం మీద ఖర్చు పెట్టిన తయారీదారు నిర్ణయం అది. అదే డబ్బు 3.5 మీద పెట్టి ఉంటే చెవికి తెలియనంత తక్కువ వంకరతో, తక్కువ రొదతో సింగిల్-ఎండెడ్ సర్క్యూటు చేయవచ్చు. అలా చేసిన చవక డాంగిల్స్ బజారులో ఉన్నాయి కూడా. ఆపిల్ తన ఫోన్ల కోసం అమ్మే యూఎస్‌బీ-సీ అడాప్టరుకు ఒక్క 3.5 సాకెట్టే, అమెరికాలో అమ్మే రకం ఒక వోల్టు ఇస్తుంది. ఇందాకటి 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు ఆ ఒక వోల్టు ఎనిమిది రెట్లు ఎక్కువే.

సాకెట్టు గట్టిదనం గురించి ఒక మాట. ఆస్టెల్ అండ్ కెర్న్ కంపెనీ 2014లో తెచ్చిన ఏకే240తో జేబు ప్లేయర్లలో 2.5 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్టు వ్యాపించింది. అంత సన్నటి ప్లగ్‌లో నాలుగు భాగాలు ఇరికించడంతో అది వంగడానికీ విరగడానికీ వీలైన వస్తువైంది. జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘమైన జెయిటా ప్రమాణంగా పెట్టిన 4.4 ప్లగ్ అలా కాదు. లావుగా ఉంటుంది, ఐదు భాగాలుంటాయి, గట్టి పట్టు దొరుకుతుంది. ప్లగ్‌గా అది 3.5 కన్నా మెరుగని ఒప్పుకోవచ్చు. రోజుకు పదిసార్లు తీసి పెట్టేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

తీగ కొనేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. బ్యాలెన్స్‌డ్ తీగను, నాలుగు కొసలున్నదాన్ని, అడాప్టరుతో సింగిల్-ఎండెడ్ ప్లేయర్‌కు పెట్టవచ్చు. రెండు రుణ కొసలూ వెళ్లి గ్రౌండ్‌లో కలుస్తాయి, ఏ ప్రమాదమూ లేదు. అందుకే విడదీయగల తీగ కొనేవాళ్లు నాలుగు తీగలది, ప్లగ్ మార్చుకునేది కొంటే రెండు పక్కలా పనికొస్తుంది. దీన్ని తిరగేసి చేయకూడదు. మూడు భాగాల ప్లగ్ ఉన్న మామూలు హెడ్‌ఫోన్‌ను అడాప్టరుతో బ్యాలెన్స్‌డ్ సాకెట్టులో దూరిస్తే ఎడమ రుణ కొస, కుడి రుణ కొస ఒకదానికొకటి ముడిపడతాయి. ఆ రెండూ నడుస్తున్న ఆంప్లిఫయర్లు. మోనో పాట మోగుతున్నంతసేపు రెండూ ఒకే తీరున ఊగుతాయి కాబట్టి ఏమీ తెలియకపోవచ్చు. స్టీరియో పాట రాగానే ఒకటి పైకి, ఒకటి కిందికి లాగుతూ ఒకదానిలోకి ఒకటి కరెంటు దిగదోస్తాయి. మంచి ప్లేయర్ అయితే రక్షణ సర్క్యూటు ఆపుతుంది. అది లేని ప్లేయర్ కాలిపోవచ్చు. కారు స్టీరియో ఆక్స్ సాకెట్టుకో, ఇంట్లోని ఆంప్లిఫయర్‌కో ఇలాంటి అడాప్టరుతో తగిలించినా అదే గతి, ఎందుకంటే అక్కడ రుణ కొసలు నేరుగా గ్రౌండ్‌కు తగులుతాయి. 4.4 సాకెట్టులో ఐదో భాగం గ్రౌండ్ కోసమే ఉంది. ఎడమ ధన కొస, కుడి ధన కొస, ఆ గ్రౌండ్ ఈ మూడింటినే వాడుకుని, రుణ కొసలను దేనికీ తగిలించకుండా వదిలేసిన అడాప్టరు అయితే ప్రమాదం లేదు. అప్పుడు వచ్చేది ఎలాగూ సగం వోల్టేజీయే. ఆ ఐదో భాగాన్ని లోపల దేనికీ కలపని ప్లేయర్లు కూడా ఉన్నాయి, వాటిలో ఈ అడాప్టరు పని చేయదు. 2.5 సాకెట్టులో గ్రౌండ్ భాగమే లేదు కాబట్టి అక్కడ ఈ దారి కూడా లేదు.